మాతామహి రుద్రమదేవి

పసిబిడ్డ మెడలో గురువు లింగమును కట్టిన దినము మొదలు ఆ లింగమును, ఆ బిడ్డను కంటికి రెప్పవలె కాపాడు బాధ్యత తల్లిది. తల్లికి ఇంటిపనులతో తీరిక చిక్కనపుడు ఆ బాధ్యతను మారుమాట లేక అందుకొనునది అమ్మమ్మ. నొసట విభూతి ధరించుట బిడ్డ నేర్చుకొనునది ఆమె ఒడిలోనే. గతించిన పెద్దల పేళ్లను, శివశరణుల కథలను వినునది ఆమె నోటనే. ఇంతటి సేవ చేసిన తల్లుల పేళ్లు వంశవృక్షములలో కానరావు. తండ్రినుండి కుమారునకు, కుమారునినుండి మనుమనికి రేఖలు సాగిపోవును. నడుమనున్న స్త్రీలు ఆ రేఖల చాటున మరుగుపడిపోవుదురు.

తెలుగుదేశ చరిత్రలో ఒక మహారాజవంశము మాత్రము ఇందుకు భిన్నముగా నడచినది. అచ్చట రాజ్యము తండ్రినుండి కుమార్తెకు, ఆ కుమార్తెనుండి దౌహిత్రునకు సంక్రమించినది. ఆ కుమార్తెయే కాకతి రుద్రమదేవి. ఆమెను గూర్చి నవలలు, నాటకములు వెలువడినవి. 2015లో చలనచిత్రమును వచ్చినది. వానియందు ఆమె గుఱ్ఱమెక్కి కత్తి దూసిన వీరవనితగా కనిపించును. అది సత్యమే. కాని ఆమె ముగ్గురు బిడ్డలను పెంచిన తల్లి. ఒక మనుమని సింహాసనమునకు తగినవానిగా తీర్చిన అమ్మమ్మ. ఈ రెండవ సత్యమును స్మరించువారు అరుదు.

రుద్రమదేవి తండ్రి గణపతిదేవ చక్రవర్తి. ఆయన 1199లో ఓరుగల్లు సింహాసనమును అధిష్ఠించి, అరువది సంవత్సరములకు పైగా రాజ్యమేలి, తెలుగు మాటాడు నేలలో అధిక భాగమును ఒక్క గొడుగు క్రిందికి తెచ్చెను. సముద్రవ్యాపారుల ధనప్రాణములకు రక్షణ కల్పించుచు 1244లో మోటుపల్లి రేవునందు అభయశాసనమును వేయించినవాడు ఆయనయే. దివిసీమ నాయకుడును, నృత్తరత్నావళి గ్రంథకర్తయు అగు జాయపసేనాని తోబుట్టువులు నారమ్మ, పేరమ్మలను ఆయన వివాహమాడెను. ఇంతటి చక్రవర్తికి పుత్రసంతానము లేదు. కుమార్తెలు ఇరువురు. వారిలో గణపమదేవిని ధరణికోట ప్రభువగు కోట బేతరాజున కిచ్చి వివాహము చేసిరి. రాజ్యభారము రుద్రమదేవి భుజములపై పడినది.

రుద్రమదేవి భర్త వీరభద్రుడు. నిడదవోలును రాజధానిగా చేసికొనిన తూర్పు చాళుక్యశాఖకు చెందిన రాజకుమారుడు. ఈ దంపతులకు ముమ్మడమ్మ, రుద్రమ్మ, రుయ్యమ్మ అను ముగ్గురు కుమార్తెలు. తండ్రికి కుమారులు లేరు. తనకును కుమారులు కలుగలేదు. రాచరికమునందు దీని ఫలితమేమో ఆ కాలమువారికి చక్కగా తెలియును. సామంతులు తలలెత్తుదురు, జ్ఞాతులు సింహాసనము తమదే అందురు, పొరుగురాజులు సరిహద్దులు దాటుదురు. ఈ మూడును రుద్రమదేవి జీవితములో ఒకదానివెంట నొకటి సంభవించినవి.

గణపతిదేవుడు ముందుచూపు గల ప్రభువు. తాను జీవించియుండగనే, 1259-60 ప్రాంతమున, కుమార్తెను తనతోపాటు పాలనలో నిలిపెను. ఆమెకు రుద్రదేవ మహారాజు అను పురుషనామమునొసగెను. శాసనములలో అనేకచోట్ల ఆమె ఈ పేరుతోనే కానవచ్చును. పురుషవేషమున కొలువుదీరెనని పరంపరగా చెప్పుదురు. ఇది వేడుకకొరకు చేసినది కాదు. స్త్రీ ఆజ్ఞకు తల వంచుటకు ఇష్టపడని సామంతులచేత ఆ ఆజ్ఞను పాటింపజేయుటకు కల్పించిన ఏర్పాటు. అందువలన ఒక తల్లి తన స్త్రీనామమును సింహాసనమునకు బయట విడిచి రావలసి వచ్చినది.

అయినను ఆమె తల్లిమనసు సింహాసనమునకు బయట నిలిచిపోలేదు. అందుకు సాక్ష్యము కృష్ణాతీరమున నున్నది. గుంటూరు జిల్లాలోని మందడమునకు చేరువనున్న మల్కాపురమున క్రీ.శ. 1261 నాటి శాసనస్తంభము కలదు. గణపతిదేవుడు తన దీక్షాగురువగు విశ్వేశ్వర శంభువునకు మందడ గ్రామమును వాగ్దానము చేసియుండెను. గౌడదేశమునుండి వచ్చిన ఈ ఆచార్యుడు గోళకీమఠ పరంపరకు చెందిన శైవగురువు. తండ్రి పలికిన మాటను రుద్రమదేవి చెల్లించినది. మందడమును ధారపోయుటయే గాక, వెలగపూడి గ్రామమును గూడ చేర్చి యిచ్చినది. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయము వెలసినది ఆ వెలగపూడియందే.

ఆ దానమును గురువు వినియోగించిన తీరు మఠములవారు ప్రత్యేకముగా గమనింపదగినది. రాబడిని మూడు భాగములు చేసిరి. ఒక భాగము శివాలయమున నిత్యపూజలకు. ఒక భాగము శుద్ధశైవమఠమునకు, అచ్చటి విద్యార్థుల పోషణకు. మిగిలిన భాగము ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రమునకు. వేదములను, తర్కసాహిత్యములను, ఆగమములను బోధించు ఉపాధ్యాయులు నియమితులైరి. వైద్యునికి, లెక్కలు వ్రాయువానికి జీతములేర్పడినవి. గ్రామరక్షణకై వీరభద్రులు, వీరముష్టులు అనువారు నిలిచిరి. సత్రమునందు అన్నము కోరి వచ్చినవారికి, అగ్రకులమువారు మొదలు అంత్యజుల వరకు, ఎవరికిని లేదనకూడదని శాసనము విధించినది.

ఈ పట్టికలో ప్రసూతిశాల అను మాటకడ క్షణకాలము నిలువవలెను. దేవాలయములకు దీపములకై ఆవులను, గొఱ్ఱెలను ఇచ్చిన రాజులు అనేకులు. చెరువులు త్రవ్వించినవారును అనేకులు. పురిటినొప్పులు పడు పేద స్త్రీకి ఒక కప్పు, ఒక మంచము, ఒక వైద్యుడు కావలెనని శిలమీద చెక్కించిన దానములు మాత్రము మిక్కిలి అరుదు. ఏర్పాటు గురువుది, వాగ్దానము తండ్రిది. కాని ఆ గ్రామములను ధారపోసిన చేయి మాత్రము ప్రసవవేదన నెరిగిన తల్లిది. పేరు రుద్రదేవ మహారాజని మారినను ఆ చేయి మారలేదు.

దానము చేసిన రెండేండ్లకే దేశమునకు కష్టకాలము దాపురించినది. దక్షిణమునుండి జటావర్మ సుందరపాండ్యుడు దండెత్తివచ్చెను. 1263 ప్రాంతమున నెల్లూరుసీమలోని ముత్తుకూరుకడ జరిగిన యుద్ధమున కాకతీయసేన ఓడిపోయినది. వృద్ధుడగు గణపతిదేవుడు ఆ పరాజయముతో క్రుంగి, పాలనను పూర్తిగా కుమార్తెకు వదలిపెట్టెను. ఆయన జీవించియున్నంత కాలము ఆమె పట్టోద్ధతి యనియే, అనగా పట్టమునకు నిర్ణయింపబడినదిగనే, వ్యవహరింపబడినది. 1269 ప్రాంతమునుండి సర్వాధికారిణిగా కానవచ్చును. ఆ సంధికాలమునందు జ్ఞాతులే ఎదురుతిరిగిరనియు, స్త్రీ పాలనను సహింపలేక కొందరు కోటను పట్టుకొనజూచిరనియు ప్రతాపరుద్ర చరిత్రము చెప్పుచున్నది. ఆ గ్రంథము తరువాతి శతాబ్దములది గనుక అందలి ప్రతి వివరమును యథాతథముగా గైకొనరాదు. కాని రేచర్ల ప్రసాదిత్యుని వంటి నాయకులు ఆ దినములలో ఆమెకు అండగా నిలిచిరని వెలుగోటివారి వంశావళి వలనను తెలియుచున్నది. తూర్పున కళింగ గాంగులు గోదావరీతీరమును ఆక్రమింపగా పోతినాయకుడు, ప్రోలినాయకుడు అను సోదరులు వారిని తరిమిరి.

పడమటినుండి దేవగిరి యాదవరాజు మహాదేవుడు వచ్చెను. రుద్రమదేవి అతనిని ఓడించి, దేవగిరి వరకు తరిమి, కోటి సువర్ణములను దండుగగా గైకొనెనని ప్రతాపరుద్ర చరిత్రము చెప్పును. యాదవుల మంత్రి హేమాద్రి మాత్రము తన రాజు స్త్రీని చంపుట కిష్టపడక విడిచిపెట్టెనని వ్రాసికొనెను. అతడు స్త్రీలపై చేయెత్తడని యెరిగియే ఆంధ్రులు ఒక స్త్రీని గద్దె నెక్కించిరని ఎత్తిపొడిచెను. ఈ రెండు మాటలలో ఏది నిజమో శిలయే చెప్పవలెను. బీదరుకోటలో ఆమె సామంతుడగు సింద భైరవుని శాసనము దొరకినది. అందు ఆమె రాయగజకేసరి బిరుదము కలదు. బసవేశ్వరుడు అనుభవమంటపమును నెలకొల్పిన కల్యాణము నేడున్నది ఆ బీదరు జిల్లాలోనే. యాదవుల యేలుబడిలోని ఆ సీమయందు ఆమె సామంతుడు శాసనము వేయించుటయే హేమాద్రి ఎత్తిపొడుపునకు తగిన ప్రత్యుత్తరము.

యుద్ధములనుండి మరలివచ్చి ఆమె చేసిన పనులలో రెండు నేటికిని ఓరుగల్లులో కనిపించును. తండ్రి కట్టించిన రాతికోటను ఆమె ఎత్తు చేయించినది. దానిచుట్టు అగడ్తతో గూడిన మట్టికోటను పోయించినది. కులదైవమగు స్వయంభూదేవుని ఆలయమునకు రంగమంటపమును నిర్మింపజేసినది. రాళ్లకోట రాజు గౌరవమును చాటును. మట్టికోట జనము ప్రాణములను కాపాడును. ఆమె పోయించిన మట్టి వ్యర్థము కాలేదని తరువాత తెలియగలదు.

బయటి శత్రువులకంటె పెద్దదైన చిక్కు ఇంటిలో నుండెను. తన తరువాత ఎవరు? పెద్దకుమార్తె ముమ్మడమ్మను కాకతీయ బంధువర్గములోని మహాదేవున కిచ్చిరి. ఒక కుమార్తె రుద్రమ్మను యాదవ కులజుడగు ఎల్లణదేవున కిచ్చిరి. రుయ్యమ్మను ఇందులూరి అన్నయమంత్రికి ఇచ్చిరి. ఈయన మంత్రివర్యుల వంశములో పుట్టిన బ్రాహ్మణుడు. కుమార్తెల నందరను రాజులకే ఈయవలెనని ఆమె పట్టుపట్టలేదు. నమ్మకమునకు, సామర్థ్యమునకు ప్రాధాన్యమిచ్చినది. ఇల్లాండ్రుగా వెళ్లిన ఆ కుమార్తెలు పుట్టింటి రాజ్యమునకు బంధువులను, రక్షకులను చేకూర్చిరి.

ముమ్మడమ్మకు కలిగిన కుమారుడే ప్రతాపరుద్రుడు. రుద్రమదేవి ఈ మనుమని దత్తత గైకొని తన వారసునిగా నిలిపినది. ఈ నిర్ణయములోని బరువు తల్లులకే తెలియును. కుమార్తెను రాణిగా నిలుపుట ఆమెకు అసాధ్యము కాదు. తన తండ్రి తన విషయమున చేసినది అదియే. కాని ఆ మార్గములోని ముండ్లను ఆమె ముప్పదియేండ్లు కాళ్లతో త్రొక్కినది. పేరు మార్చుకొనుట, వేషము మార్చుకొనుట, ప్రతి తరమునను తిరుగుబాట్లను అణచుట, స్త్రీయను ఒక్క కారణముచేత పొరుగురాజుల యెత్తిపొడుపులను సహించుట ఎట్టివో స్వయముగా చవిచూచినది. ఆ భారమును కుమార్తెలపై మోపక మనుమని భుజముల నెన్నుకొనినది. ఇందువలన ముమ్మడమ్మ రాణి కాలేదు; రాజమాత అయినది. తల్లికిని, కుమార్తెకును నడుమ ఈ విషయమున ఏ మాటలు జరిగినవో శిలలు చెప్పవు. ఆ కుటుంబము చీలిపోలేదని మాత్రము తరువాతి సంగతులు చెప్పును.

శాసనములలో ప్రతాపరుద్రుడు కుమార రుద్రదేవుడని కనిపించును. ఆ పేరులోనే అమ్మమ్మ యున్నది. తండ్రి తనకొసగిన రుద్రదేవనామమును ఆమె మనుమనికి అప్పగించినది. గణపతిదేవుడు తనకు జీవించియుండగనే పాలనను నేర్పినట్లు, ఆమెయు మనుమని తనచెంత నుంచుకొని రాచకార్యములందు తీర్చినది. యోగ్యులగు నాయకులను కులము చూడక పైకి తెచ్చి సైన్యమును నిలుపు పద్ధతి ఆమె కాలమున బలపడినది. ప్రతాపరుద్రుడు ఆ నాయంకర పద్ధతినే విస్తరింపజేసెను. అమ్మమ్మ చెంత నేర్చిన పాఠమునే అతడు పెద్దదిగా చేసి చూపెనని చెప్పవచ్చును.

ఆమె పాలనకు దూరదేశపు సాక్షి యొకడు కలడు. వెనిస్ నగర యాత్రికుడు మార్కోపోలో, ఆమె గతించిన కొలదికాలమునకు, ఈ తీరమును గూర్చి వ్రాసెను. మోటుపల్లి సీమను ఏలిన రాణి న్యాయము, ధర్మము, శాంతి గల ప్రభువని, ప్రజలు పూర్వము ఏ రాజునందును చూపనంత ప్రేమను ఆమెయందు చూపిరని తెలియజేసెను. అచ్చటి వజ్రములను, సాలెగూటివంటి సన్నని వస్త్రములను మెచ్చుకొనెను. ఆమె రాజుగారి వితంతువని అతడు పొరబడెను; ఆమె రాజుగారి కుమార్తె. అయినను ప్రజల ప్రేమను గూర్చి అతడు విన్నది పొరపాటు కాదు.

అంతటి రాణికి సుఖమైన వార్ధక్యము లభింపలేదు. పశ్చిమదక్షిణ సీమలను ఏలు కాయస్థ నాయకులు గంగయసాహిణి కాలమునుండి కాకతీయులకు విశ్వాసపాత్రులు. 1272 ప్రాంతమున ఆ గద్దె నెక్కిన అంబదేవుడు ఆ విశ్వాసమును విడిచెను. పాండ్యులతోను, యాదవులతోను మైత్రి చేసి స్వతంత్రుడయ్యెను. 1290 నాటి త్రిపురాంతక శాసనమున అతడు డెబ్బదియైదుగురు నాయకుల తలలు త్రుంచితినని చెప్పుకొనెను. మల్లికార్జునుడనువానిని ఓడించితినని గూడ ప్రకటించెను.

రుద్రమదేవి ఎప్పుడు, ఎట్లు గతించెనో చాలకాలము తెలియరాలేదు. 1295-96 వరకు జీవించెనని చరిత్రకారులు భావించిరి. నల్లగొండ జిల్లా నకిరేకల్లు చెంతనున్న చందుపట్ల గ్రామమున దొరకిన శాసనము ఆ సందేహమును తీర్చినది. అది శకవర్షము 1211, విరోధి నామ సంవత్సర మార్గశిర మాసమున, అనగా 1289 నవంబరు 27న వేయబడినది. కాకతి రుద్రమదేవియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివసాన్నిధ్యము చేరిరని, వారి పుణ్యముకొరకు పువ్వుల ముమ్మడి అను సేవకుడు సోమనాథదేవునకు భూమి నిచ్చెనని అందు కలదు. రాణియు, సేనానియు ఒక్కసారి గతించిరన్నందున, అంబదేవునితోడి యుద్ధముననే ఆమె అసువులు బాసెనని చరిత్రకారులు ఊహించిరి. శాసనము యుద్ధమును పేర్కొనలేదు. పెరిగి పెద్దవాడైన మనుమడుండగా, ఆ వయస్సున, ఆమె సేనతో బయలుదేరినదనుట నిజమైనచో, ఆ యుద్ధము మనుమనికి చిక్కులేని రాజ్యమును అప్పగించుటకే చేసినదని చెప్పవలెను.

ఆ చిక్కును విప్పు పని మనుమనికి మిగిలినది. గద్దె నెక్కిన రెండేండ్లలో, 1291లో, ప్రతాపరుద్రుడు అంబదేవునిపై సేనలను నడిపించెను. త్రిపురాంతకము మరల కాకతీయుల వశమైనది. ఆ దండయాత్రలో ముందు నడచిన సేనానులలో ఇందులూరి అన్నయమంత్రి యొకడు. రుద్రమదేవి అల్లుడే ఆమె మనుమని పక్షమున నిలిచెను. ఆమె కుమార్తెలకు ఏర్పరచిన సంబంధములు ఆమె లేని దినమున రాజ్యమునకు అక్కరకు వచ్చినవి.

వీరశైవులకు ఈ ఇందులూరి అన్నయ పేరు కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుని ఆదరించిన మంత్రిగా ఆయనను మన సంప్రదాయము తలచుకొనును. ఓరుగల్లు స్వయంభూదేవుని ఆలయమున జంగములు బసవపురాణమును పఠించుచుండగా ప్రతాపరుద్రుడు ఆ దారిని వచ్చెనను కథను పిడుపర్తి సోమనాథుడు చెప్పెను. పాల్కురికి సోమనాథుని కాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు కలవు. ఆ కథ ఆ కాలముదే యైనచో, బసవని చరిత్ర వినవచ్చినది రుద్రమదేవి మంటపము కట్టించిన ఆలయముననే. ఆ కవిని ఆదరించినది ఆమె అల్లుడే. ఆమె స్వయముగా వీరశైవ దీక్ష గైకొనినది కాదు. గోళకీ శైవగురువుల శిష్యపరంపరలోనిది. కాని కులము చూడక అన్నము పెట్టవలెనన్న మల్కాపుర శాసనమును, కల్యాణమున బసవేశ్వరుడు బోధించిన దాసోహమును ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి రెండింటికిని నడుమ దూరము స్వల్పముగనే తోచును.

ప్రతాపరుద్రుడు 1323 వరకు రాజ్యమేలెను. ఢిల్లీ సేనలు పలుమారులు దండెత్తివచ్చినవి. 1310లో మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించినపుడు అతని సేనకు మొదట అడ్డుపడినది ఆ మట్టికోటయే. దాని దృఢత్వమును ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో సయితము మెచ్చుకొనెను. అమ్మమ్మ గతించిన ఇరువది యేండ్లకును ఆమె పోయించిన మట్టి మనుమని కాచినది. తుదకు 1323లో కోట పడినది. బందీయై ఢిల్లీకి పోవుచు, ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున దేహము చాలించెను. రుద్రదేవుడను పేరు ధరించిన అమ్మమ్మయు, మనుమడును ఇరువురు శాంతిగా మంచముపై కన్నుమూయు భాగ్యమునకు నోచుకొనలేదు.

రాజ్యము పోయినది. చందుపట్ల రాయి నిలిచినది. దానిని వేయించినవాడు రాజు కాడు, మంత్రి కాడు. సేనాని కొలువులోని ఒక సేవకుడు. తనవద్దనున్న కొద్దిపాటి భూమిలో కొంత శివునకు అర్పించి, తన ఏలికసాని పుణ్యమును కోరెను. ఆ సేవకుని వలననే, దాదాపు ఏడు శతాబ్దముల పిమ్మట, ఆమె గతించిన కాలము లోకమునకు తెలియవచ్చినది.

ప్రతి శివభక్తుని ఇంటను ఒక రుద్రమదేవి యుండును. ఆమె కోట కట్టించియుండదు. కాని ఒక కుటుంబమును నిలబెట్టియుండును. ఆమె పేరు ఎచ్చటను చెక్కబడియుండదు. బిడ్డలకు లింగధారణ జరుగు దినమున పెద్దల పేళ్లు చెప్పునపుడు తండ్రి తాతల పేళ్లతోపాటు తల్లి పేరును, అమ్మమ్మ పేరును, నాయనమ్మ పేరును గూడ చెప్పుట మనకు అలవాటు కావలెను. ఆ సేవకుడు భూమి నిచ్చెను. మనము ఒక పేరును స్మరించిన చాలును.